వైండింగ్ షాపులో యూట్యూబు

అనంతపురం పాతూరులో నేను ఇరవై ఏళ్లుగా ఫ్యాన్లూ మిక్సీలూ మోసుకుపోయే మోటారు వైండింగ్ షాపు ఒకటుంది. బోర్డు మీద రంగు ఎప్పుడో వెలిసిపోయింది. సందులోకి తిరిగితే వార్నీషు వాసనే దారి చూపిస్తుంది. మేస్త్రీకి ఇప్పుడు 54 ఏళ్లు. పదో తరగతి తప్పిన ఏడే ఒక పెద్దమేస్త్రీ దగ్గర చేరాడు. మొదటి ఏడంతా టీలు తెచ్చాడు, కాలిన తీగ పీకాడు. రెండో ఏడు స్లాట్లలో, అంటే తీగ కూర్చునే గాడుల్లో, ఇన్సులేషన్ పేపరు పెట్టనిచ్చారు. మూడో ఏడు గానీ తీగ చేతికియ్యలేదు. చుట్లు తప్పితే పెద్దమేస్త్రీ తిట్టేవాడు కాదంట. “విప్పు” అనేవాడంట, అంతే. చుట్టిందంతా విప్పి మళ్లీ మొదటినుంచి చుట్టాల్సిందే.

అట్ల నేర్చిన పని ముప్పై ఐదేళ్లు కూడు పెట్టింది. ఈ లోపల వేరుశెనగ చేలు చీనీ (బత్తాయి) తోటలైనాయి, రెండొందల అడుగుల్లో పడే నీళ్లు వెయ్యి అడుగులకు దిగిపోయినాయి. మోటార్లు మాత్రం కాలుతూనే ఉన్నాయి కాబట్టి ఆయనకు కొత్తగా ఏదీ నేర్చుకోవాల్సిన అవసరం పడలేదు. చివరికి మారింది ఫ్యాను. 2023 జనవరి 1 నుంచి సీలింగు ఫ్యాన్లకు స్టార్ లేబులు తప్పనిసరి చేశారు. 75 వాట్లు తినే పాత ఫ్యాను పక్కనే 30 వాట్ల చిల్లరతో తిరిగే బీఎల్‌డీసీ (బ్రష్షులు లేని డీసీ మోటారు) ఫ్యాన్లు అంగళ్లలో బారుతీరినాయి. రిమోటుతో తిరిగే అలాంటి ఫ్యాను మొదటిసారి ఆ షాపుకు వచ్చినప్పుడు నేను స్టూలు మీద కూర్చుని ఉన్నా. మేస్త్రీ విప్పి చూశాడు. కండెన్సరు లేదు. లోపల పచ్చటి సర్క్యూటు బోర్డు, రోటరుకు అయస్కాంతాలు. “ఇది మన పని కాదు సార్” అని మళ్లీ బిగించి ఇచ్చేశాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన నా ముఖం చూడలేదు.

ఇప్పుడు అదే బల్ల మీద ఆ ఫ్యాన్లు వరసగా బోర్లా పడి ఉంటాయి. యాభై దాటిన మనిషి, ఇంగ్లీషు రాదు, హిందీ అంతంత మాత్రం, ఎలక్ట్రానిక్సు ఒక్క క్లాసు కూడా వినలేదు. ఎట్ల నేర్చుకున్నాడని ఎవరినడిగినా ఒకటే జవాబు: “అన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదా సార్.” ఈ మాటే నన్ను కొన్నాళ్లుగా సతాయిస్తోంది. అన్నీ ఫోన్లోనే ఉంటే పక్క సందులో ఉన్న ఇంకో రెండు వైండింగ్ షాపులు ఎందుకు మూతపడ్డాయి? వాళ్ల చేతుల్లోనూ ఫోన్లున్నాయి.

నేర్చుకోవడం అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో కనీసం మూడు పనులు పెనవేసుకుని ఉన్నాయి. విషయం మనదాకా రావాలి. అది చేతికి పట్టుబడాలి. పట్టుబడిందని నలుగురూ నమ్మాలి. పెద్దమేస్త్రీ కాలంలో ఈ మూడూ ఒకే మనిషి దగ్గర దొరికేవి. చెప్పేదీ ఆయనే, విప్పించేదీ ఆయనే, “వీడు మా పిల్లోడు, పని వచ్చు” అని పంపేదీ ఆయనే. డిజిటల్ టెక్నాలజీ ఆ మూడింటినీ మూడు ముక్కలు చేసింది. మొదటిదాన్ని దాదాపు ఉచితంగా చేతిలో పెట్టింది. మిగిలిన రెండింటి దగ్గరే చిక్కంతా.

మొదటిది ఎంత పెద్ద మార్పో తక్కువ చేసి చెప్పకూడదు. విషయాన్ని ఊళ్లకు చేర్చడానికి ఈ దేశం చాలా తంటాలు పడింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6ను వాడుకుని ఇస్రో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపింది. వాటిలో మన రాష్ట్రమూ ఉంది, తెలుగులోనూ కార్యక్రమాలు వచ్చాయి. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో పుట్టింది. ఇంటరు చదవనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరగలిగారు. 2004లో రైతులు ఫోను చేసి సలహా అడిగేందుకు కిసాన్ కాల్ సెంటర్లు వచ్చాయి. తర్వాత 2016 చివర్లో డేటా ధర ఒక్కసారిగా కూలింది. అంతవరకు నెలకు ఒక జీబీని పిసినారిగా వాడుకున్నవాళ్లు రోజుకు ఒక జీబీ ఖర్చుపెట్టడం మొదలుపెట్టారు. మేస్త్రీ ఫోన్లోకి యూట్యూబు వచ్చింది అప్పుడే. మొదట్లో పాత సినిమా పాటలకు.

దీనికంటే లోతైన మార్పు ఒకటుంది, దాన్ని ఎక్కువమంది పట్టించుకోరు. అదే ఫోన్లో టైపు చెయ్యకుండా నోటితో అడిగేందుకు నొక్కే మైకు బొమ్మ. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత 59.97 శాతం, అనంతపురం 63.57, కడప 67.30. అంటే మా ప్రాంతంలో ప్రతి పదిమందిలో ముగ్గురు నలుగురికి అక్షరం రాదు. ఎప్పుడూ వయోజన విద్య అంటే ముందు పలక, తర్వాత అక్షరాలు, అవి వచ్చాకే ఏదైనా విషయం. ఇప్పుడు ఆ వరస తిరగబడింది. మా వీధిలో ఇస్త్రీ బండి ఆవిడకు సంతకం తప్ప ఏదీ రాయడం రాదు, కానీ ఫోను నోటి దగ్గర పెట్టుకుని “జాకెట్టు చేతికి మగ్గం వర్కు” అని అడుగుతుంది, తెలుగులో వీడియోలు వరసకట్టి వస్తాయి. రాత్రి పది దాటాకే ఆమెకు నేర్చుకునే టైము. ఎందుకంటే ఇంట్లో ఫోను ఒకటే, మొగుడూ పిల్లలూ పడుకున్నాకే అది ఆమె చేతికొస్తుంది. 2017లో మొదలైన డిజిటల్ సాక్షరతా పథకంలో ఇంటికి ఒకరికి 20 గంటల శిక్షణ అన్నారు. ఆ ఒక్కరు ఎవరై ఉంటారో మీరే ఊహించుకోవచ్చు.

అక్షరం లేకుండానే విషయం అందడం మంచిదేనా అంటే, నాకు సగం సంతోషం, సగం అనుమానం. వీడియో ఎంత వేగంగా పోతే అంత వేగంగా పోవాలి. కాగితం మీదున్నది మనం ఆగిన చోట ఆగుతుంది. ఆవిడ మాత్రం “నాకు కాగితమెందుకు సార్, కుట్టేది సూదితో కదా” అని నా నోరు మూయించింది.

ఇక రెండోది, పట్టుబడడం. ఇక్కడ నా పరువు తీసుకునే కథ ఒకటి చెప్పాలి. పోయిన ఎండాకాలం, 42 డిగ్రీల మధ్యాహ్నం, మా ఇంట్లో పాత ఫ్యాను నిదానమైంది. మేస్త్రీ షాపు దాకా పోవడమెందుకని వీడియోలు చూశా. ఒకటి కాదు, అయిదారు. చివరికొచ్చేసరికి ఫ్యాను రిపేరింగు నాకు వచ్చేసిందన్న ధీమా కుదిరింది. కండెన్సరు మార్చా, కవరు బిగించా, స్విచ్చి వేశా. ఫ్యాను తిరిగింది, ఎదురు దిక్కులో. గాలంతా పైకప్పుకు కొడుతోంది. తీగలు అటూ ఇటూ కలిపానని తర్వాత మేస్త్రీ చెప్పేదాకా తెలియదు. ఆ అయిదారు వీడియోల్లోనూ ఆ తీగల రంగులు నేను కళ్లారా చూసినవే.

ఈ భ్రమలో చాలామంది పడతారని తెలిశాక కాస్త ఊరట కలిగింది. 2018లో కార్దాస్, ఓబ్రయన్ అనే ఇద్దరు పరిశోధకులు అచ్చువేసిన ప్రయోగాల్లో ఒకటి డార్ట్స్ ఆట మీద. కొందరికి బాణం విసిరే వీడియో ఒక్కసారి చూపించారు, కొందరికి 20 సార్లు. ఇరవైసార్లు చూసినవాళ్లు తాము బాగా విసురుతామని గట్టిగా నమ్మారు. విసిరితే ఒక్కసారి చూసినవాళ్లకంటే ఏమీ ఎక్కువ తగల్లేదు. చూసినకొద్దీ పెరిగింది పని కాదు, నమ్మకం. చేతికి బరువు తెలియదు, పట్టు తెలియదు, కంటికి మాత్రం అంతా తెలిసినట్టుంటుంది.

చదువు విషయంలోనూ ఇదే మెలిక. 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. ఒక జట్టు నాలుగుసార్లు చదివింది. ఇంకో జట్టు ఒక్కసారి చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తున్నది రాసింది. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివిన జట్టుదే పైచేయి. వారం తర్వాత అడిగితే తలకిందులు: మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంది, చూడకుండా రాసినవాళ్లకు 61. వీడియోను వెనక్కి తిప్పి తిప్పి చూడడం మొదటి జట్టు పని. ఫోను మూసి బల్ల మీద పని మొదలుపెట్టడం రెండో జట్టు పని. “విప్పు” అన్న పెద్దమేస్త్రీకి ఈ పరిశోధనతో పనిలేదు, పద్ధతి మాత్రం ఇదే.

మరి మేస్త్రీకి ఎట్ల పట్టుబడింది? ఆయన షాపులో ఒక పిల్లోడు పనిచేసేవాడు, ఐటీఐ చదివినవాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు కాబట్టి హిందీ వీడియోలు నీళ్లు తాగినంత సులువు. బీఎల్‌డీసీ రిపేరింగు మీద మంచి వీడియోలు ఎక్కువగా హిందీలోనూ తమిళంలోనూ ఉండేవి. పిల్లోడు చూసి చెప్పేవాడు, మేస్త్రీ వినేవాడు. వారం రోజులు ఆయన తలకు ఏమీ ఎక్కలేదు. ఒకరోజు పిల్లోడు బోర్డు నుంచి మోటారుకు పోయే మూడు తీగలు చూపించి, ఏ రెండింటి మధ్య మల్టీమీటరు పెట్టినా ఒకే రెసిస్టెన్సు రావాలని చెప్పాడు. మేస్త్రీ చేతిలో టీ గ్లాసు కింద పెట్టాడు.

“రేయ్, ఇది మన బోరు మోటారే కదరా. త్రీ ఫేజు. చిన్నదైంది, అంతే.”

ఆ నిమిషంలో ముప్పై అయిదేళ్ల పని వచ్చి కొత్త పాఠానికి అతుక్కుంది. వైండింగు ఆయనకు తెలుసు. తెలియనిది ఆ బోర్డు ఒక్కటే. అది కరెంటును మార్చి మూడు కాయిళ్లకు వంతులవారీగా పంపుతుంది. వోల్టేజీ ఎగిరిన రోజు ముందు కాలేదీ అదే. వయసు మీరినవాళ్లకు కొత్తది ఎక్కదంటారు. నేను చూసిందాంట్లో, ఎక్కేందుకు వాళ్ల దగ్గర పాత కొక్కేలు చాలా ఉంటాయి, కొత్త పాఠం ఏ కొక్కేనికి తగిలించాలో చెప్పే మనిషి దొరకాలి. పిల్లోడికి వందల వీడియోలు తెలుసు, కాలిన వార్నీషుకూ కాలిన బోర్డుకూ వాసనలో తేడా తెలియదు. మేస్త్రీకి వాసన తెలుసు, వీడియో తెలియదు. ఇద్దరూ సగం సగం గురువులు. మూతపడిన ఆ రెండు షాపుల్లో ఫోన్లున్నాయి గానీ ఇట్లాంటి పిల్లోడు లేడు.

ఇది నా అభిప్రాయం ఒక్కటే కాదు. బెంగుళూరులో మైక్రోసాఫ్టు పరిశోధన కేంద్రంలో మొదలైన డిజిటల్ గ్రీన్ ప్రయత్నం కర్ణాటకలో 16 పల్లెల్లో 13 నెలలు సాగిన పరీక్షలో దీన్నే చూసింది. స్థానిక రైతుల మీదే తీసిన వీడియోలు, వాటిని రాత్రి పూట గుంపుగా చూపించే ఊరి మనిషి ఒకరు. ఆ మనిషి వీడియో ఆపుతాడు, అడుగుతాడు, మళ్లీ వేస్తాడు, తర్వాత చేనికొచ్చి చేశారా లేదా చూస్తాడు. మామూలు వ్యవసాయ విస్తరణతో పోలిస్తే ఆ పద్ధతులను చేపట్టడం ఏడు రెట్లు పెరిగింది. వీడియో ఒక్కటే పంపి చేతులు దులుపుకుంటే ఇంత జరిగేదని నేను నమ్మను.

మా చిన్నాయన చీనీ తోట నార్పల దగ్గర ఉంది. పోయినేడు చెట్ల ఆకులు పసుపెక్కితే ఫొటో తీసి చీనీ రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పావుగంటలో జవాబులు. ఒకరు జింకు లోపమన్నారు, ఒకరు సున్నపు నేల కాబట్టి ఇనుము అందడం లేదన్నారు, ఒకరైతే ఏకంగా మందు డబ్బా బొమ్మ పెట్టారు. ముగ్గురి మాటా ఏదో ఒక తోటలో నిజమే. రెండు విడతలు ఆకుల మీద పిచికారీ చేశాక కూడా పసుపు తగ్గలేదు. చివరికి పక్క తోట పెద్దాయన పార తీసుకుని డ్రిప్పు పక్కన తవ్వాడు. సన్నవేరు పట్టుకుని లాగితే తొక్క ఊడి చేతికొచ్చింది. వేరుకుళ్లు. నీళ్లు ఎక్కువ పెడుతున్నాడు. ఫొటోలో ఆకు కనపడింది, వేరు కనపడలేదు. అడిగినదానికి జవాబు చెప్పడం వేరు, అడగనిది తవ్వి చూడడం వేరు.

గుంపుగా నేర్చుకోవడం అంటే నాకు దూబగుంట గుర్తొస్తుంది. కడప పక్కనే ఉన్న నెల్లూరు జిల్లాలో ఊరది. 1990ల మొదట్లో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుతున్న ఆడవాళ్లు సారా గురించిన పాఠం దగ్గర ఆగిపోయారు. పాఠం పక్కన పడేసి సొంత ఇళ్ల సంగతి మాట్లాడుకున్నారు. ఆ మాటలే సారా అంగళ్లను మూయించాయి, ఊరూరా పాకాయి, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా పోయాయి. అదే పాఠం ఎవరి ఫోన్లో వాళ్లు, ఎవరి మంచం మీద వాళ్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విని ఉంటే ఏమయ్యేది? ఒక లైకు పడి ఉండేది.

ఈ మధ్య మాట్లాడే ఏఐ వచ్చింది. తెలుగులో అడిగితే తెలుగులో చెప్తోంది, ఎన్నిసార్లడిగినా విసుక్కోదు. విసుక్కోని గురువు మా తరంలో ఎవరికీ దొరకలేదు, అందుకని దాన్ని నేను తీసిపారెయ్యను. పిల్లోడు ఒకరోజు ఒక 5 హెచ్‌పీ బోరు మోటారు గురించి అడిగాడు: ఏ గేజి తీగ, స్లాటుకు ఎన్ని చుట్లు? టకటకా అంకెలు చెప్పింది. పిల్లోడు నోటుబుక్కులో రాసుకున్నాడు. మేస్త్రీ చూసి నవ్వాడు. “స్లాట్లెన్ని, కోరు పొడుగెంత అని అడిగిందా అది? నాడి పట్టకుండా మందు రాసే డాక్టరు మాదిరుంది.” తప్పని ఆయనకు తెలిసింది, ఎందుకంటే ఆయనకు ముందే వచ్చు. రానివాడికి తప్పు జవాబూ ఒప్పు జవాబూ ఒకే గొంతుతో వినపడతాయి. వచ్చినవాడికి అది ఇంకా పనికొస్తుంది, రానివాడిని ఇంకా దారి తప్పించగలదు.

కడపలో సి.పి.బ్రౌన్ బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరుతోనే గ్రంథాలయం ఉంది. 1820లో ఆ ఊరికొచ్చిన తెల్లదొరకు తెలుగు నేర్చుకునేందుకు సరైన నిఘంటువే లేదు. సొంత డబ్బుతో పండితులను బంగళాలో పెట్టుకుని, తాళపత్రాలు పోల్పించి, తన తప్పులు వాళ్లచేత దిద్దించుకున్నాడు. 1852లో నిఘంటువు అచ్చయింది. ఈరోజు ఆ నిఘంటువంతా ఫోన్లో వెతుక్కోవచ్చు, నేను బస్సులో కూర్చుని కూడా చూస్తుంటా. బ్రౌనుకు లేనిది నా జేబులో ఉంది. దిద్దే పండితుడు మాత్రం నాకు లేడు.

మూడోది గుర్తింపు. దీని గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఇందులో నేనూ దోషినే. మా ఉద్యోగాల్లో ఆన్‌లైను శిక్షణ తప్పనిసరి. వీడియో దాని పాటికి అది ఆడుతుంటుంది, నేను వంటింట్లో వంకాయలు తరుగుతుంటా. చివర పది ప్రశ్నలుంటాయి, తప్పితే మళ్లీ రాయొచ్చు. సర్టిఫికెట్లు నా దగ్గర డజనుకు పైగా ఉన్నాయి. వాటిలో ఏముందో అడక్కండి. ముప్పై అయిదేళ్లు పనిచేసిన మేస్త్రీ దగ్గర కాగితం ముక్క లేదు. ముందే పని వచ్చినవాళ్లకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు కేంద్రం నైపుణ్య పథకంలో ఉందని చెప్తే, “రిపేరుకొచ్చిన ఫ్యాను తిరిగితే సర్టిఫికెట్టే కదా సార్” అన్నాడు.

ఆన్‌లైను కోర్సులను ఎవరూ పూర్తి చెయ్యరని ఒక విమర్శ ఉంది. అంకె నిజమే. హార్వర్డ్, ఎంఐటీ ఉచిత కోర్సుల్లో 2017-18లో చేరినవాళ్లలో పూర్తి చేసింది 3.13 శాతమేనని 2019లో ఒక పరిశోధన తేల్చింది. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో అది 46 శాతం. కానీ పూర్తి చెయ్యడం అన్న కొలబద్దనే నేను ఒప్పుకోను. అది ఇరవై ఏళ్ల పిల్లల కొలబద్ద. మేస్త్రీ ఇంతవరకు ఒక్క వీడియో కూడా చివరిదాకా చూడలేదు. ఏడో నిమిషానికి పోతాడు, బోర్డు మీద ఏ కాలు దగ్గర ఎన్ని వోల్టులు రావాలో చూసుకుంటాడు, ఫోను బోర్లా పెడతాడు. బావిలో నీళ్లన్నీ తోడనక్కర్లేదు, ఆయనకు కావాల్సింది ఒక చెంబు. నంద్యాల కోచింగు సెంటర్ల వీడియోలు చూస్తూ నలభై దాటాక డీఎస్సీకి చదివేవాళ్లకు మాత్రం బావి మొత్తం కావాలి. 2025 డీఎస్సీలో 16,347 పోస్టులకు వయసు పరిమితి 44కు పెంచారు. ఈ రెండు రకాల అవసరాలనూ ఒకే యాప్ తీరుస్తుందనుకోవడం దగ్గరే తయారుచేసేవాళ్లు తప్పటడుగు వేస్తున్నారని నాకనిపిస్తుంది.

ఆ పిల్లోడు ఇప్పుడు షాపులో లేడు. పోయిన దసరాకు బెంగుళూరులో ఏదో కంపెనీలో చేరాడు. మేస్త్రీ పని ఆగిపోతుందేమో అనుకున్నా. మొన్న మా పక్కింటివాళ్ల ఫ్యాను తీసుకుపోతే, ఒక అట్టపెట్టె మీద ఫోను నిలబెట్టి ఉంది. మేస్త్రీ వీడియో చూస్తున్నాడనుకున్నా. దగ్గరికి పోయి చూస్తే కెమెరా బల్ల వైపు ఉంది. వీడియో కాల్. బోర్డునూ దాని మీద ఆడుతున్న మేస్త్రీ చేతినీ అక్కడ బెంగుళూరులో భోజనం టైములో పిల్లోడు చూస్తున్నాడు. మేస్త్రీ చేతిలో సోల్డరింగు ఐరను పొగలు కక్కుతోంది.

“ఆ మూల కాదు మామా. ఇంకొంచెం ఎడమకు. ఆ కెపాసిటరు నెత్తి ఉబ్బింది సూడు. నువ్వు పెట్టిండేది దాని పక్కది. విప్పు.”